మార్చి వాన ఎవరికి మేలు? జీడిమామిడి, కాఫీ తోటలపై విశాఖపట్నంలో ఇచ్చిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారమండి.

మార్చి నెలాఖరున ఓ సాయంత్రం మబ్బు పట్టి, నాలుగు ఉరుములు ఉరిమి, గంటసేపు వాన దంచి కొట్టిందనుకోండి. ఆ వాన ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం వైపు జీడితోటల్లో పడితే రైతు తల పట్టుకుంటాడు. అదే వాన ఘాట్ రోడ్డెక్కి అనంతగిరి, అరకు, చింతపల్లి మీద పడితే కాఫీ రైతుకి ప్రాణం లేచొస్తుంది. విశాఖ నుంచి అరకు నూట పదిహేను కిలోమీటర్లు. ఇంత దగ్గరలో, ఒకే వాన ఒక పంటని చెడగొట్టి ఇంకో పంటని నిలబెట్టడం ఎందుకో తెలిస్తే ఈ రెండు చెట్ల పెంపకంలో సగం పని అర్థమైనట్టే. ఇవాళ చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

జీడిమామిడి సొంతూరు బ్రెజిల్. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు మన దేశానికి తెచ్చారు. అరబికా కాఫీది ఇథియోపియా కొండల అడవి. ఒకటి ఎండలో, గాలిలో, సముద్రం దగ్గర నేలల్లో పెరిగిన చెట్టు. ఇంకోటి పెద్ద చెట్ల కింద నీడలో పెరిగిన పొద. మనం ఎక్కడ నాటినా వాటి పుట్టుబుద్ధి పోదు.

ముందు పూత సంగతి. మన కోస్తాలో జీడి వానాకాలం పోయాక కొత్త చిగురు తొడిగి, ఆ చిగుళ్ల కొసల్లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పూస్తుంది. ఒక్కో పూగెలలో వందల పువ్వులుంటాయి, కానీ చాలా భాగం మగపువ్వులే. కాయ కట్టగలిగే ద్విలింగ పువ్వులు కొన్నే, వాటిలోనూ చివరిదాకా నిలిచేవి ఇంకా కొన్నే. పువ్వు పొద్దున విచ్చుకుంటుంది, పుప్పొడిని ఈగలూ తేనెటీగలూ మోసుకెళ్లాలి. ఆ సమయంలో వాన పడితే పుప్పొడి కారిపోతుంది, ఈగ రాదు. వాన పడకపోయినా రెండు మూడు రోజులు మబ్బుగా, చెమ్మగా ఉంటే టీ దోమ లేస్తుంది. పేరుకి దోమే గానీ అది రసం పీల్చే నల్లి జాతి పురుగు. లేత చిగురులో, పూల కాడలో ముక్కు గుచ్చి పీలుస్తుంది. దాని లాలాజలం విషం. గుచ్చినచోట ముందు నీరు పట్టినట్టు మచ్చ, మర్నాటికి గోధుమరంగు, తరవాత నలుపు. కాడ మీద జిగురు చుక్క కూడా కనిపిస్తుంది. మచ్చలన్నీ కలిసి గెల మొత్తం మాడిపోతుంది. దూరం నుంచి చూస్తే తోటకి నిప్పు సెగ తగిలిందేమో అనిపిస్తుంది.

కాఫీ కథ దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. కాఫీ మొగ్గ అక్టోబరు, నవంబరు నాటికే ఆకు కణుపుల్లో తయారై పడుకుంటుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండు కాలం కావాలి, చెట్టు కాస్త దాహంతో ఉండాలి. అప్పుడు మార్చి, ఏప్రిల్‌లో 25 నుంచి 40 మిల్లీమీటర్ల వాన ఒక్కసారిగా పడితే మొగ్గలన్నీ కలిసికట్టుగా మేలుకుంటాయి. పడిన ఎనిమిది పది రోజులకి కొమ్మ కొమ్మంతా తెల్లగా విచ్చుకుంటుంది, మల్లె వాసన. రెండు మూడు రోజుల్లో రాలిపోతుంది. దీన్ని పూత జల్లు అంటారు. ఇక్కడ చిక్కేమిటంటే, వాన అసలు పడకపోవడం కన్నా అరకొరగా పడటం ప్రమాదం. నాలుగైదు మిల్లీమీటర్లు చిలకరించి పోతే మొగ్గ సగం ఉబ్బి, గులాబీ రంగు తిరిగి, అక్కడే ఎండిపోతుంది. పూసిన తరవాత నాలుగు వారాల్లోపు ఇంకో 50 నుంచి 75 మిల్లీమీటర్లు పడాలి, లేకపోతే పిందె నిలవదు. కొండవాగు నుంచి పైపు వేసుకుని స్ప్రింక్లర్ పెట్టుకోగలిగిన రైతు ఒక మాట గుర్తుంచుకోవాలి: పెడితే నేల తొమ్మిది అంగుళాలు తడిసేదాకా పెట్టాలి, పైపైన తడిపి ఆపెయ్యడానికైతే అసలు పెట్టొద్దు.

పువ్వు నుంచి పంటకి పట్టే కాలం కూడా చూడండి. జీడికి రెండు నెలలు. మార్చి నుంచి మే లోపల పిక్క, అంటే పెంకుతో ఉన్న జీడిగింజ, రాలిపోతుంది. కాఫీకి ఎనిమిది తొమ్మిది నెలలు. మార్చిలో పూసింది నవంబరు నుంచి జనవరి దాకా పండుతుంది. అంటే కాఫీ కాయ ఒక వానాకాలం మొత్తం కొమ్మ మీద గడపాలి. జీడి కాయ ఒక్క వాన కూడా చూడకుండా పోతే అదృష్టం.

ఇక నాటే పని. ఇక్కడ చాలామంది అడిగేది, కాఫీని గింజతో పెంచుతారు కదా, జీడికి అంటుమొక్క ఎందుకు అని. అరబికా తన పుప్పొడితో తనే కాయ కట్టుకుంటుంది. అందుకని గింజ మొక్క తల్లి చెట్టుకి దాదాపు నకలుగా వస్తుంది. జీడి పరపరాగం మీద నడిచే చెట్టు. మంచి చెట్టు పిక్క తెచ్చి పాతితే తండ్రి ఎవరో తెలీదు. మన పాత తోటల్లో ఒక చెట్టుకి పది కిలోలు, పక్క చెట్టుకి కిలో రావడానికి కారణం అదే. అందుకే అంటుమొక్క. బాపట్ల పరిశోధన స్థానం ఇచ్చిన బి.పి.పి-8 అనే రకం మన ప్రాంతానికి బాగా కుదిరింది. పిక్క ఎనిమిది గ్రాములు దాటుతుంది, పప్పు 29 శాతం దాకా వస్తుంది.

అంటు కొనేటప్పుడు ఆకులు చూసి మురిసిపోకండి. అతుకు దగ్గర చూడండి. పైన అతికించిన పుల్ల, కింది వేరుమొక్క కాడ ఒకే లావు ఉండాలి, అతుకు పూర్తిగా మానాలి, వేరు కవరు చీల్చుకుని నేలలోకి దిగి ఉండకూడదు. గుంట రెండడుగుల ఘనం. ఏప్రిల్, మే నెలల్లోనే తవ్వి ఎండకి వదిలెయ్యాలి, చెద పోతుంది. పైమట్టి, పది కిలోల మాగిన పశువుల గత్తం, 200 గ్రాముల రాక్ ఫాస్ఫేట్ కలిపి నింపి, జూన్, జులైలో మంచి వాన పడ్డాక నాటాలి. అతుకు నేలకి రెండంగుళాల పైన ఉండాలి. దాన్ని మట్టిలో పూడ్చేస్తే కుళ్లుతుంది, లేదా పైభాగం సొంత వేరు వేస్తుంది. అంటు కట్టిన ప్లాస్టిక్ పట్టీ విప్పడం మర్చిపోతే ఏడాదికల్లా కాండాన్ని కోసేస్తుంది. అతుకు కింద నుంచి వచ్చే పిలకలు వారం వారం గిల్లెయ్యాలి. పచ్చగా ఎదిగింది కదా అని వదిలేస్తే, చివరికి మీరు పెంచేది వేరుమొక్కనే, పైన పెట్టిన అంటు చచ్చిపోయి ఉంటుంది. మొదటి రెండేళ్లు పూత వస్తే తుంచెయ్యాలి. మూడో ఏటి నుంచి కాపు.

కాఫీ గింజకి గడువు తక్కువ. పండు కోసిన రెండు నెలల్లోపు మడిలో వెయ్యాలి, ఆ తరవాత మొలకశాతం పడిపోతుంది. డిసెంబరు, జనవరిలో చదునైన వైపు కిందికి పెట్టి, పైన పల్చగా మట్టి, ఎండుగడ్డి. ఆరేడు వారాలకి మొలక గింజని నెత్తిన పెట్టుకుని లేస్తుంది. ఆ దశలో, లేదా మొదటి రెండు ఆకులు విచ్చుకున్నాక, కవర్లలోకి మార్చాలి. అసలు తప్పు జరిగేది ఇక్కడే. తల్లివేరు పొడుగ్గా ఉంటే కొస గిల్లి, నిటారుగా దించాలి. తొందరలో వేలితో నొక్కి పెడితే వేరు కొక్కెంలా వంగిపోతుంది. కవర్లో తేడా కనిపించదు, తోటలో మూడేళ్లదాకా కూడా కనిపించదు. నాలుగో ఏడు వేసవి గట్టిగా వస్తే ఆ మొక్క పండుబారి పోతుంది. రైతు తెగులనుకుని మందు కొడతాడు. పీకి చూస్తే వేరు పక్కకి తిరిగి ఉంటుంది.

ఎడం లెక్క చూస్తే ఈ రెండింటి స్వభావం తెలుస్తుంది. జీడి ఎనిమిది మీటర్ల ఎడంలో ఎకరాకి 63 చెట్లు. అరబికా ఆరడుగుల ఎడంలో ఎకరాకి 1,210 మొక్కలు. జీడి గొడుగు కొసలు పక్క చెట్టుకి తగిలితే ఆ వైపు కాపు పోతుంది, ఎందుకంటే కాపంతా ఎండ పడే బయటి కొసల్లోనే. మొదటి నాలుగైదేళ్లు ఆ ఖాళీలో ఉలవలు, బొబ్బర్లు, వేరుశనగ వేసుకోవచ్చు. పొడుగ్గా ఎదిగి నీడ పడేవి వద్దు.

కాఫీకి ముందు నీడ తయారు కావాలి, తరవాతే మొక్క. మన ఏజెన్సీలో సిల్వర్ ఓక్ నాటి, రెండు మూడేళ్లు ఎదిగాక కింద కాఫీ పెడతారు. ఆ ఓక్‌ల మీదికి మిరియం తీగ పాకిస్తారు, అదో రెండో ఆదాయం. నీడ ఎంత ఉండాలంటే, మిట్టమధ్యాహ్నం తోటలో నిలబడి నేల చూడండి. ఎండ నాణేల్లా చుక్కలు చుక్కలుగా కదులుతుంటే సరిపోయింది. నేలంతా ఎండగా ఉంటే కాఫీ ఆకు పసుపు తిరిగి, కాపు విరగకాసి, కొమ్మ కొసలు ఎండుతాయి. మరుసటి ఏడు కాపు ఉండదు. చీకటిగా ఉంటే మొక్క సన్నగా పొడుగ్గా సాగుతుంది, పూత ఉండదు, ఆకు తుప్పు తెగులు వస్తుంది. వానలకి ముందు నీడకొమ్మలు కొంత నరికి పల్చబరచాలి, వానలు వెనకబట్టాక మళ్లీ గుబురు కానివ్వాలి.

నా ఉద్దేశం అడిగితే, ఒక్క సిల్వర్ ఓక్ మీదే ఆధారపడటం మంచి పద్ధతి కాదు. అది ఆస్ట్రేలియా చెట్టు, తొందరగా నిటారుగా ఎదుగుతుంది, మిరియానికి బాగుంటుంది, నిజమే. కానీ ఆకు త్వరగా మగ్గదు, పెనుగాలికి తట్టుకోదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో ఇళ్ల గురించి మాట్లాడుకున్నాం. పైన మన్యంలో ఆ ఓక్‌లు కూలి కాఫీ మీద పడ్డాయి. మిగిలిన మొక్కలకి నెత్తిన నీడ పోయింది. పనస, నేరేడు, అక్కడి అడవి చెట్లూ కలిపి ఉంచుకున్న తోటకి అంత దెబ్బ తగలదు. నాలుగేళ్లకి 2018లో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మీద పడ్డప్పుడు జీడి చెట్లు వేళ్లతో సహా పోయాయి. జీడికి పక్కవేళ్లు పైపైనే పరుచుకుంటాయి, గొడుగు బరువెక్కువ. కింది కొమ్మలు తీసి, మధ్యలో గాలి ఆడేట్టు కత్తిరించుకోవడమే చేతనైన జాగ్రత్త.

ఇప్పుడు పురుగు. ఈ రెండు చెట్లకీ పెద్ద శత్రువు ఒకే కుటుంబం, పొడుగు మీసాల పెంకుపురుగు. జాతులు వేరు, అలవాట్లు తిరగబడినవి. కాఫీలో తెల్ల కాండంతొలుచు పురుగు ఎండ తగిలే కాండాన్ని ఎంచుకుని, బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది. నీడ పోయిన తోటలో అందుకే ఇది పెరుగుతుంది. పెద్ద పురుగులు ఎగిరేది ఏప్రిల్, మే నెలల్లో, మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ ముందు నెలల్లో, అంటే మార్చిలో, సెప్టెంబరులో తోటంతా తిరిగి ఆకు పండిన మొక్కలు, కాండం మీద ఉంగరంలా గట్లు తేలినవి గుర్తించి, వేళ్లతో పీకి కాల్చెయ్యాలి. పీకి తోట గట్టున పడేస్తే లోపలి పురుగు అక్కడే రెక్కలు తొడిగి తిరిగొస్తుంది. మంచి మొక్కలకి పీచుతో కాండం రుద్ది వదులు బెరడు తీసేసి, పది శాతం సున్నం, అంటే 20 కిలోల సున్నం 200 లీటర్ల నీళ్లలో కాస్త బంక కలిపి, కాండానికీ లావు కొమ్మలకీ పట్టించాలి.

జీడిలో కాండం, వేరు తొలిచే పురుగు నేలకి దగ్గరగా, మొదటి మీటరులోపల గుడ్లు పెడుతుంది. మొదట్లో కనిపించేది మొదలు దగ్గర జిగురు, దానికి అంటుకున్న రంపపు పొట్టు. ఈ రెండూ చూసిన రోజే ఉలితో బెరడు విప్పి, సొరంగం వెంట వెళ్లి పురుగు తీసి చంపి, ఆ చోట వేపనూనె అయిదు శాతం పూస్తే చెట్టు బతుకుతుంది. ఆకులు పసుపు తిరిగేదాకా ఆగితే, చుట్టూ సగం బెరడు తినేసి ఉంటుంది, చెట్టు దక్కదు. ఆ చచ్చిన చెట్టుని వంటచెరకని ఇంటి పక్క పేర్చకండి. వేరు మొదలుతో సహా తీసి కాల్చెయ్యాలి.

టీ దోమకి మూడు దశల్లో కాపలా: చిగురు, పూగెల బయటపడేటప్పుడు, పిందె. నూటికి అయిదు చిగుళ్లకి మించి మచ్చ కనిపిస్తేనే మందు. లామ్డా సైహలోత్రిన్ 5 శాతం ద్రావణం లీటరుకి 0.6 మిల్లీలీటర్లు. పూత విచ్చుకుని ఉంటే పొద్దుట కొట్టొద్దు, సాయంత్రం కొట్టండి. తేనెటీగని చంపుకుని కాయ ఎక్కడిది? కాఫీ ఆకు తుప్పుకి బోర్డో మిశ్రమం: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 200 లీటర్ల నీళ్లు. వానలకి ముందు ఒకసారి, వెనక ఒకసారి, ఆకు అడుగుభాగం తడిసేట్టు. తుత్తాన్ని ప్లాస్టిక్ డ్రమ్ములో కరిగించి సున్నపు నీళ్లలో పోసుకోవాలి గానీ ఇనుప బకెట్ వాడితే తినేస్తుంది.

ఎరువు క్లుప్తంగా చెబుతాను. పెద్ద జీడి చెట్టుకి ఏడాదికి 500 గ్రాముల నత్రజని, 125 భాస్వరం, 125 పొటాష్. ఇది కిలో పైచిలుకు యూరియా, ముప్పావు కిలో సూపర్ ఫాస్ఫేట్, 200 గ్రాముల మ్యూరేట్ ఆఫ్ పొటాష్. వయసుని బట్టి పెంచుకుంటూ అయిదో ఏటికి ఈ మోతాదుకి రావాలి. మొదలు దగ్గర కుప్ప పొయ్యకుండా, మొదలుకి అయిదడుగుల దూరంలో గాడి తీసి వేసి మట్టి కప్పాలి. కాఫీకి మన్యంలో చాలామంది రసాయనం వెయ్యరు. పర్వాలేదు, కానీ ఏమీ వెయ్యకపోవడాన్ని సేంద్రియం అనకండి. తీసిన పండ్ల తొక్కని పశువుల ఎరువుతో మగ్గించి తిరిగి మొక్కకే వెయ్యాలి.

కోత దగ్గరకొద్దాం. పండించిన దాంట్లో ఎక్కువ పోగొట్టుకునేది ఇక్కడే.

జీడిపిక్క కొయ్యరు, ఏరతారు. పండు దానంతట అది రాలాలి. చెట్టు దులిపితే పచ్చిపిక్క వస్తుంది, ఎండాక పప్పు ముడుచుకుపోతుంది. ఏరిన పిక్కని ఆ రోజే పండు నుంచి విడదీసి, రెండు మూడు రోజులు ఎండబెట్టి తేమ ఎనిమిది శాతానికి తేవాలి. చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఊపితే లోపల గలగలమనాలి. నీళ్లలో వేస్తే తేలేవి తాలు. పలాస వ్యాపారి 80 కిలోల బస్తా లెక్కన కొంటాడు. మంచి సరుకైతే ఆ బస్తాకి 22 నుంచి 24 కిలోల పప్పు వస్తుంది. తడి పిక్కకి బూజు పట్టి పప్పు మీద నల్లమచ్చ పడితే ధర సగం.

ఇంట్లో పిక్కలు కాల్చే ప్రయత్నం దయచేసి చెయ్యకండి. పెంకు లోపల తేనెపట్టులాంటి గదుల్లో ఘాటు నూనె ఉంటుంది. చర్మం మీద పడితే బొబ్బలు, పొగ కళ్లకీ ఊపిరికీ ప్రమాదం. ఫ్యాక్టరీలో ఆవిరితో ఉడికించి, ఆరబెట్టి, కట్టర్ మీద కొడతారు. చేతులకి నూనె రాసుకోకుండా ఆ పని చెయ్యరు. ఆ నూనె వృథా కాదు, బ్రేక్ లైనింగులకీ రంగులకీ వెళ్తుంది. కొట్టుకి వెళ్లినప్పుడు డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని రాసి ఉంటుంది చూడండి, అది పౌనుకి, అంటే 454 గ్రాములకి, ఎన్ని గుండు పప్పులు తూగుతాయో చెప్పే అంకె. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నది. పాయసానికీ కుర్మాకీ బద్దలు కొనుక్కోండి, రుచిలో తేడా లేదు. ఇక జీడిపండు. నారింజకన్నా నాలుగైదు రెట్లు సి విటమిన్ ఉన్న పండుని మనం తోటలోనే కుళ్లబెడుతున్నాం. గొంతు పట్టేది టానిన్ల వల్ల. రసంలో కాస్త సగ్గుబియ్యం గంజి కలిపి పన్నెండు గంటలు ఉంచితే ఆ వగరు అడుగుకి దిగుతుంది, పైతేట వంపుకోవచ్చు. పండు ఒక్క రోజుకి మించి నిలవదు, అదీ దాని ఇబ్బంది.

కాఫీలో పండిన ఎర్ర కాయ మాత్రమే కొయ్యాలి. ఒకే కొమ్మ మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మూడూ ఉంటాయి కనక నాలుగైదు విడతలు తిరగాలి. కూలి మిగులుతుందని కొమ్మంతా దూసేస్తే పచ్చికాయ కప్పులో గడ్డివాసన వేస్తుంది. కోసిన రోజే పైతొక్క తియ్యాలి. రాత్రికి బస్తాలో కుక్కి ఉంచితే పొద్దుటికి వేడెక్కి పులిసిపోతుంది. తొక్క తీశాక జిగురు పోవడానికి తొట్టెలో 24 నుంచి 36 గంటలు. అరకు చలికి ముప్పై ఆరు పట్టొచ్చు. గడియారం కన్నా చెయ్యి నమ్ముకోండి. గుప్పెట్లో నలిపితే జారకుండా గులకరాళ్లలా గరగరమంటే కడగాలి. ఆ పైన ఉంచితే పులుపు. కడిగిన నీళ్లు వాగులోకి వదలకుండా గుంటలోకి. నేల మీద ఆరబెడితే మట్టివాసన పట్టేస్తుంది, ఎత్తైన వలమంచాల మీద పల్చగా పరిచి, మొదటి రెండు రోజులు మధ్యాహ్నం కప్పాలి, లేకపోతే పొర చిట్లుతుంది. తేమ పది శాతానికి దిగితే సరి. ఆరేడు కిలోల పండుకి ఒక్క కిలో గింజ వస్తుంది. 2019లో అరకు వేలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరుకి తగ్గ రేటు మాత్రం ఈ తొట్టె దగ్గర, ఈ మంచం దగ్గరే తేలుతుంది.

కొనేవాళ్లకి ఒక మాట. కాఫీ పొడి ప్యాకెట్ మీద చికోరీ శాతం చదవండి, అది కాఫీలో కలిపే ఓ వేరు పొడి. చట్టం ప్రకారం మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, అంటే 49 దాకా చికోరీ కలిపినా తప్పు కాదు. అరకు పేరు చూసి కొన్న ప్యాకెట్‌లో దాదాపు సగం ఆ వేరు పొడే ఉండొచ్చు.

(సభలోంచి ప్రశ్న: విశాఖలో మేడ మీద కాఫీ పెంచుకోవచ్చా అండి?)

పెంచుకోవచ్చమ్మా, పొద్దుటెండ మాత్రమే తగిలే తూర్పు గోడ పక్కన, అడుగున్నర లోతు కుండీలో. నిగనిగలాడే ఆకు, అందంగా ఉంటుంది. కాపు మీద ఆశ పెట్టుకోవద్దు. అరబికాకి 15 నుంచి 25 డిగ్రీలు సుఖం. మన మే నెల ఉక్కకి పూత మాడుతుంది, ఉప్పుగాలికి ఆకు అంచులు కాలతాయి.

(ప్రశ్న: మరి జీడి అరకులో?)

చెట్టు బతుకుతుంది. కానీ సముద్రమట్టానికి ఆరేడు వందల మీటర్లు దాటాక కాపు తగ్గిపోతుంది. అరకు తొమ్మిది వందల పైన. జీడి పూసే డిసెంబరు, జనవరిల్లో అక్కడ పొద్దున తొమ్మిదింటిదాకా మంచు. పువ్వు తడిసి ఉంటే ఈగ రాదు. ఘాట్ కింద, శృంగవరపుకోట వైపు వాలు నేలల్లో వేసుకోండి, నీరు నిలవని ఎర్రనేలైతే చాలు.

(ప్రశ్న: ముప్పై ఏళ్ల గింజ జీడితోట ఉందండి, కొట్టేసి మళ్లీ వెయ్యాలా?)

అంతా ఒకేసారి కొట్టకండి. ఈ మార్చి, ఏప్రిల్‌లో ఒక్కో చెట్టు కింద రాలిన పిక్క విడిగా తూకం వేసి, మొదలుకి రంగుతో అంకె రాయండి. అయిదు కిలోలు దాటినవి ఉంచండి. రెండు కిలోలు కూడా రానివి, మొదలు దగ్గర పురుగు సొరంగాలున్నవి ముందు తీసి, వేళ్లతో సహా కాల్చి, ఆ గుంటలు రెండు నెలలు ఎండనిచ్చి జూన్‌లో అంట్లు పెట్టండి. చుట్టూ పాత చెట్ల నీడ పడకుండా కనీసం ఒక వరుస మొత్తం ఖాళీ చెయ్యాలి. మధ్యలో ఒక్క మొక్క ఇరికిస్తే అది ఎండ కోసం పొడుగ్గా సాగుతుంది గానీ కాయదు.